సరౌండా, స్టీరియోనా, అన్ని స్పీకర్లూనా: రిసీవర్‌లో ఏ మోడ్ మేలు?

మా బావమరిది దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త ఫ్లాట్‌కి మారాడు. హాల్లో 5.1 సిస్టమ్, అంటే ఐదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ, బిగించుకున్న రోజు రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. "బావా, రిమోట్ నొక్కేకొద్దీ మోడ్‌లు వస్తూనే ఉన్నాయి, ఇందులో ఏది పెట్టుకోవాలి?" ఈ ఏడాది నన్ను ఇదే అడిగినవాళ్లలో వాడు ఐదోవాడు. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పేకన్నా ఒకసారి కూర్చుని రాసేస్తే నయమనిపించింది.

మోడ్ సంగతి తర్వాత. స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె రిసీవర్, దానిలోకి వస్తున్నది ఏమిటో ముందు చూడాలి. సినిమా 5.1లోనో, పైనుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ ఆట్మాస్‌లోనో వస్తుంటే ఎంచుకోవడానికేమీ లేదు. ఏ మాట ఎక్కడి నుంచి రావాలో, ఏ వాన చప్పుడు వెనక పడాలో మిక్సింగ్ చేసినవాళ్లే తేల్చేశారు. మీ రిసీవర్‌లో ఆటో అనో స్ట్రెయిట్ అనో ఉన్నదానిలో పెట్టి వదిలేయండి. పోపు పెట్టిన పప్పుకి మళ్లీ పోపు పెట్టక్కర్లేదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డిస్‌ప్లే మీద 'డాల్బీ సరౌండ్' అని కనిపించగానే 5.1 వస్తోందని సంబరపడిపోతారు. పేరు అలా ఉంది గానీ అది సినిమాతో వచ్చే ట్రాక్ పేరు కాదు. వచ్చిన రెండు ఛానెళ్లని, అంటే ఎడమ, కుడి ధ్వనుల్ని, మీ స్పీకర్లన్నిటికీ పంచే మోడ్ పేరు. 2014లో ఆట్మాస్ రిసీవర్లతో పాటు వచ్చి, అదే పని చేసే డాల్బీ వాళ్ల పాత మోడ్ ప్రో లాజిక్ 2 స్థానంలో కూర్చుంది. నిజంగా 5.1 వస్తుంటే డాల్బీ డిజిటల్ అనో, డాల్బీ డిజిటల్ ప్లస్ అనో, అలాంటిదేదో కనబడాలి. ఓటీటీలో 5.1 ఉన్న సినిమా పెట్టినా ఉత్త 'డాల్బీ సరౌండ్' అనే వస్తుంటే టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎంలో (టీవీయే ధ్వనిని విప్పి పంపే పద్ధతి) ఉంటే, ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని రిసీవర్‌కి పంపే హెచ్‌డీఎంఐ దారి) మీద రిసీవర్‌కి చేరేది రెండే ఛానెళ్లు. దాన్ని పాస్‌త్రూకో (వచ్చింది వచ్చినట్టే పంపడం) ఆటోకో మార్చాలి. టీవీకీ రిసీవర్‌కీ మధ్య ఆప్టికల్ వైరు వాడేవాళ్లకి ఇంకో చిక్కు. అందులో డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు. టీవీ దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపగలిగితే సరే, లేకపోతే మళ్లీ స్టీరియోనే. కొన్ని సినిమాలకి తెలుగు ట్రాక్ స్టీరియోలోనే ఇస్తారు, మూల భాషకి మాత్రం 5.1 ఉంటుంది. దానికి మనం చేయగలిగేదేమీ లేదు.

ఇక అసలు పోటీ. యూట్యూబ్, సెట్‌టాప్ బాక్స్ ఛానెళ్లు, పాత సినిమాలు, ఇలా రెండు ఛానెళ్లలో వచ్చేవి మన ఇళ్లల్లో రోజంతా మోగుతాయి. వీటికి ఏది మేలు? ఉన్నవి మూడు దారులు. ముందున్న రెండు స్పీకర్లతో ఉత్త స్టీరియో, అన్ని స్పీకర్లలోనూ అదే స్టీరియో, లేదా డాల్బీ సరౌండ్.

నాకు సిస్టమ్ బిగించిన కుర్రాడు ఆల్ ఛానెల్ స్టీరియోలో పెట్టి, "సార్, ఇప్పుడు అన్నీ మోగుతున్నాయి చూడండి" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. నిజమే, అన్నీ మోగాయి. ఐదు స్పీకర్లకి డబ్బు పెట్టాక ఐదూ మోగుతుంటే ఎవరికైనా ఆనందమే. దాదాపు ఆరు నెలలు అలాగే విన్నాం. ఆ ఆరు నెలలూ మా నాన్న అడిగింది ఒకటే, "ఏమన్నాడ్రా?" సౌండ్ పెంచేవాణ్ని. పాట రాగానే గోడలు అదిరేవి, తగ్గించేవాణ్ని. మళ్లీ సంభాషణ, మళ్లీ "ఏమన్నాడ్రా?" పెద్దాయనకి చెవులు మందగించాయనుకున్నాను. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామని కూడా అనుకున్నాం.

తప్పు చెవులది కాదు, కుర్చీది. నిజాంపేటలో మాది మామూలు త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్. హాలూ డైనింగూ ఒకటే, కింద టైల్స్, సోఫా ఎల్ ఆకారంలో ఉంటుంది. నాన్న కుర్చీ బాల్కనీ పక్కన, కుడివైపు వెనక స్పీకర్‌కి మూడడుగుల దూరంలో ఉంది. ధ్వని సెకనుకి 343 మీటర్లు పోతుంది, అంటే అడుగు దూరానికి దాదాపు మిల్లీసెకను. ఒకే మాట ఐదు చోట్ల నుంచి వస్తుంటే, ముందు చెవిన పడిన దిక్కునే మనసు నమ్ముతుంది. నాన్నకి హీరో మాట టీవీలోంచి కాకుండా వీపు వెనక నుంచి వినబడేది. మిగతా నాలుగు స్పీకర్లు అదే మాటని కాస్త కాస్త ఆలస్యంగా చెప్పేవి. దానికి టైల్స్ నుంచి తిరిగొచ్చే మోత తోడయ్యేది. సెటప్‌లో మైకు పెట్టి దూరాలు సరిచేశాం కదా అంటారేమో. ఆ లెక్క మైకు పెట్టిన మధ్య సీటుకే. అందులో కూర్చునేది నేను, నాకు అన్నీ బాగానే వినబడేవి!

ఉత్త స్టీరియోలో ఈ బాధ సగం తగ్గుతుంది, సగమే. మాట మధ్యలోంచి వస్తున్నట్టనిపించేది ఎడమ, కుడి స్పీకర్లకి సమదూరంలో కూర్చున్నవాడికే. ఒక పక్కకి జరిగితే మాట కూడా ఆ పక్క స్పీకర్‌లోకి జరిగిపోతుంది. హైదరాబాద్‌లో ఏ ఇంట్లో చూసినా టీవీ ముందు ఒక్కడే కూర్చోడు కదా. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుళ్లు వలుస్తూ చూస్తుంది, పిల్లలు కింద పడుకుని చూస్తారు.

అందుకే నా ఓటు డాల్బీ సరౌండ్‌కి. నాకు కారణం ఒక్కటే చాలు, అది మాటని సెంటర్ స్పీకర్‌కి అప్పగిస్తుంది. రెండు ఛానెళ్లలోనూ సమానంగా ఉన్నదాన్ని పట్టుకుని మధ్యకి పంపడం, రెండింటిలో ఒకదానికొకటి తలకిందులుగా ఉన్న ధ్వనిని వెనక్కి పంపడం, 1987 నాటి ప్రో లాజిక్‌లోనూ ఉన్న సూత్రమిది. ఇప్పటిది చాలా తెలివిగా చేస్తుంది గానీ మూలం అదే. సంభాషణ సాధారణంగా రెండింటిలోనూ సమానంగానే ఉంటుంది కాబట్టి టీవీ కింది సెంటర్‌లోకి చేరుతుంది. ఇక ఎక్కడ కూర్చున్నా మాట తెర దగ్గర నుంచే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో పక్క వరసలో చివరి సీటు దొరికినా హీరో మాట తెర మీద నుంచే వస్తుంది కదా, అక్కడ తెర వెనక మధ్యలో స్పీకర్ ఉంటుంది. మనింట్లో ఆ పని సెంటర్ చేయాలి. పైగా మాట ఒక్కటీ గట్టిగా కావాలంటే సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు, మొత్తం వాల్యూమ్ ముట్టుకోనక్కర్లేదు. నాన్న "ఏమన్నాడ్రా" ఆగిపోయింది.

క్రికెట్‌కి కూడా ఇదే మోడ్. కామెంటరీ మధ్యలో నిలబడి, స్టేడియం గోల కొంత వెనక్కి వెళ్తుంది. ఉప్పల్‌లో కూర్చున్నట్టుంటుందని అనను గానీ బాగుంటుంది.

అయితే ఒకచోట డాల్బీ సరౌండ్ బొత్తిగా తేలిపోతుంది. నాన్నకి పొద్దున్నే ఘంటసాల పాటలు కావాలి. 1950, 60ల నాటి ఆ రికార్డింగులు మోనో, అంటే రెండు ఛానెళ్లలోనూ ఉన్నది ఒక్కటే. మోడ్ తన సూత్రం ప్రకారం పాట మొత్తాన్నీ సెంటర్‌లోకి తోసేస్తుంది. అంత పెద్ద గొంతు జానెడు స్పీకర్‌లోంచి వస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. "మిగతావి పాడయ్యాయా?" అన్నాడు నాన్న. సెంటర్ స్ప్రెడ్ అనే ఆప్షన్ ఉంటే మధ్యకి వెళ్లేదాన్ని ఎడమ కుడికి కూడా పంచుతుంది, ఒక ప్రయత్నం చేయొచ్చు. నేనైతే పాటలకి స్టీరియోకి మార్చేస్తాను. ఇళయరాజా స్టీరియో పాటలైనా అంతే, వాటిని రెండు స్పీకర్లకి అనుకునే మిక్స్ చేశారు, రెండింటిలోనే వింటాను. ఇందులో నాది కాస్త చాదస్తం, ఒప్పుకుంటాను.

ఆల్ ఛానెల్ స్టీరియో పనికిమాలినదేమీ కాదు. పిల్లాడి పుట్టినరోజుకి ఇరవై మంది హాలు నుంచి వంటింటి దాకా సర్దుకున్నప్పుడు, అందరికీ సమానంగా వినబడాలంటే అదే దిక్కు. ఆ రోజు ఎవరూ డైలాగులు వినరు.

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. డీటీఎస్ న్యూరల్ ఎక్స్ కూడా డాల్బీ సరౌండ్ చేసే పనే చేస్తుంది, సీలింగ్ స్పీకర్లున్నవాళ్లు రెండూ మార్చి మార్చి విని నచ్చింది పెట్టుకోండి. ప్యూర్ డైరెక్ట్ చాలా రిసీవర్లలో రూమ్ కరెక్షన్‌ని, అంటే మైకు పెట్టి గదికి తగ్గట్టు చేసిన సర్దుబాటుని, పక్కన పెట్టేస్తుంది, టైల్స్ హాల్లో అది నష్టమే. హాల్, స్టేడియం, జాజ్ క్లబ్ లాంటివి కొన్న రోజు చుట్టాలకి చూపించడానికి.

బావమరిదికి ఇదంతా చెప్పి డాల్బీ సరౌండ్ పెట్టించాను. మర్నాడు మళ్లీ ఫోన్, "బావా, మాట ఇంకా డొల్లగానే వస్తోంది." ఫొటో పంపమన్నాను. సెంటర్ స్పీకర్ టీవీ యూనిట్ అరలో లోపలికంటా ఉంది. ముందు గాజు తలుపు, దాని ముందు గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన పాలరాతి వినాయకుడు. ముందు ఆయన్ని పూజగదిలోకి మార్చి, తలుపు ఊడదీసి, స్పీకర్‌ని అర అంచు దాకా జరపమన్నాను. కార్పెంటర్ ఆదివారం వస్తానన్నాడట.