రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండరు: పదకొండు నెలలు రుబ్బిన తరువాత

కిందటి సంక్రాంతికి ముందు కొన్న రెండు లీటర్ల టేబుల్ టాప్ వెట్ గ్రైండరును పదకొండు నెలలుగా వారానికి రెండుసార్లు వాడుతున్నాను. కొన్న వారానికే రాసే అభిప్రాయాలు పెట్టె చక్కగా వచ్చిందనీ, రంగు బాగుందనీ చెప్పగలవు గాని, మినప్పిండి సంగతి చెప్పలేవు. అది తెలియాలంటే విజయవాడలో ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ గడవాలి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా గ్రైండర్లన్నీ లోపల ఇంచుమించు ఒకే అమరికతో ఉంటాయి కనుక, ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు చాలావరకు ఏది కొన్నవారికైనా పనికివస్తాయి.

నేను ఏ పిండిని మంచి పిండి అంటానో ముందు చెప్పాలి. 1958లో తెనాలిలో పుట్టాను. మా ఇంట్లో రుబ్బురోలు వంటింటి మూల నేలలో సగం పాతి ఉండేది. అమ్మ పీట మీద కూర్చుని కుడిచేత్తో పొత్రాన్ని తిప్పుతూ, ఎడమచేత్తో పిండిని గుంటలోకి తోస్తూ, ఆ చెయ్యి ఒక్కసారి కూడా పొత్రం కింద పడకుండా గంటసేపు రుబ్బేది. గారెల పిండి నలిగిందో లేదో చూడడానికి చిటికెడు తీసి చెంబులోని నీళ్ళలో వేసేది. తేలితే లేచేది, మునిగితే మళ్ళీ కూర్చునేది. నేను ఇప్పటికీ గ్రైండరు ఆపేది ఆ చెంబు చెప్పినప్పుడే. కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకంలో ఉన్న ‘ఇరవై ఐదు నిమిషాలు’ అన్నది నా దృష్టిలో ఒక సూచన మాత్రమే.

పెళ్ళైన రెండేళ్ళకు, 1981లో, విజయవాడ బీసెంట్ రోడ్డులో మిక్సీ కొన్నాము. పచ్చళ్ళకూ పొడులకూ అది చేసిన మేలు అంతా ఇంతా కాదు గాని, మినప్పిండి దగ్గర మాత్రం నన్ను నలభై ఏళ్ళు సర్దుకుపొమ్మంది. మిక్సీ బ్లేడు పప్పును నలపదు, నరుకుతుంది. పైగా ఆ వేగానికి మిక్సీ గిన్నె, పిండి రెండూ వేడెక్కుతాయి. మే నెలలో వేడిగా దిగిన పిండి తెల్లవారకముందే పులిసి పొంగి గిన్నె దాటేది. మా అత్తగారైతే ఆబ్దికం రోజున గారెలకు మిక్సీ పనికిరాదని తేల్చి చెప్పేవారు. అప్పట్లో దాన్ని మడి పట్టింపు అనుకున్నాను గాని, రుచి విషయంలోనూ ఆవిడ మాటే నిజమని తరువాత ఒప్పుకున్నాను.

వెట్ గ్రైండరు కోయంబత్తూరు సొత్తు. 1955లో సభాపతి అనే ఆయన అక్కడ దీన్ని రూపొందించారు. ఇప్పుడు ‘కోయంబత్తూరు వెట్ గ్రైండరు’ అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తమిళనాడులో 2011లో ప్రభుత్వమే మిక్సీ, ఫ్యానులతో పాటు గ్రైండరును కూడా ఉచితంగా పంచడం మొదలుపెట్టిందంటే, అక్కడి వంటింట్లో దాని స్థానమేమిటో అర్థమవుతుంది. రోట్లో పొత్రం తిరుగుతుంది, రోలు కదలదు. ఇందులో అది తారుమారైంది: అడుగున రాయి పరిచిన స్టీలు డ్రమ్ము తిరుగుతుంటే, కడ్డీకి బిగించిన రెండు రాళ్ళు ఉన్నచోటనే దొర్లుతూ పప్పును నలుపుతాయి. ఎడమచేతి పనిని డ్రమ్ము గోడకు ఆనుకుని ఉండే ప్లాస్టిక్ రెక్క చేస్తుంది. నిదానంగా తిరగడం వల్ల పిండి వేడెక్కదు, గాలి పోసుకుని వెన్నలా లేస్తుంది.

అయితే ఈ యంత్రం పుట్టింది బియ్యాన్నీ మినపప్పునూ రెండింటినీ రుబ్బే ఇళ్ళకోసం. మనం ఇడ్లీకి బియ్యం రుబ్బము, రవ్వ కలుపుతాము. కాబట్టి మనకు కావలసినది మినప్పిండి ఎంత బాగా పొంగుతుందన్నదే. మిక్సీలో రుబ్బినప్పుడు గ్లాసు మినపగుళ్ళకు గ్లాసున్నర రవ్వ మించితే ఇడ్లీ గట్టిపడేది. ఇందులో అదే గ్లాసు గుళ్ళకు రెండు గ్లాసుల పైచిలుకు రవ్వను నానబెట్టి పిండి కలిపినా, ఇడ్లీ మరునాటి ఉదయానికి కూడా వేలితో నొక్కితే దిగి మళ్ళీ లేస్తున్నది. నాకు ఈ ఒక్క లెక్క చాలు. పెసరట్టు పిండికి మాత్రం దీన్ని బయటికి తీయనక్కరలేదు. కొంచెం బరకగా ఉండాల్సిన ఆ పిండికి మిక్సీయే సరి. గారెల పిండి దగ్గర కాస్త ఓపిక కావాలి. నీళ్ళు తక్కువైతే పిండి రాళ్ళకు చుట్టుకుని వాటితోపాటే తిరుగుతుంది, నలగదు. ఆపి, గరిటెతో కిందికి తోసి, చెంచాడు చల్లనీళ్ళు చిలకరించి మళ్ళీ వేయాలి. ఇలా మూడుసార్లు చేస్తే రోటి పిండికి అతి దగ్గరగా వస్తుంది. అచ్చం అదే అంటే అబద్ధమవుతుంది.

కొన్న పద్ధతి గురించి కూడా చెప్పాలి. 1981లో దుకాణదారు మిక్సీని బల్ల మీద పెట్టి, గుప్పెడు శనగపప్పు వేసి మా ఎదుటే తిప్పి చూపి, గ్యారంటీ కార్డు మీద ముద్ర వేసి, సగం డబ్బు తీసుకుని మిగిలినది ఆరు వాయిదాలుగా తన పద్దు పుస్తకంలో రాసుకున్నాడు. ఈ గ్రైండరును హైదరాబాదులో ఉన్న మా కోడలు తన ఫోనులో చూసి, 5,200 రూపాయలు అక్కడినుంచే కట్టి ఇక్కడికి పంపింది. తెచ్చిన కుర్రాడు ఓటీపీ అడిగి, పెట్టె గడప లోపల పెట్టి వెళ్ళిపోయాడు. తిప్పి చూపేవారు లేరు. రాళ్ళు ఎలా బిగించాలో వీడియోలో చూసుకుని నేర్చుకున్నాను. మొదట నాలుగుసార్లు కొత్త రాళ్ళ పొడి పోయేదాకా ఊరికే బియ్యం వేసి రుబ్బి పారబోయాలని కూడా అందులోనే తెలిసింది. ధర విషయంలో ఫోనే నయమైంది, ఒప్పుకుంటాను. ఇదే తరహా గ్రైండరును బీసెంట్ రోడ్డులో ఆరు వేలకు పైగా చెప్పారు.

“పది నిమిషాల్లో పిండి ప్యాకెట్టు ఇంటికే వస్తుంటే ఇదంతా ఎందుకు అత్తయ్యా?” అని పంపిన కోడలే అడిగింది. తనది ఉద్యోగం, తన లెక్క తనది. ఆ ప్యాకెట్టు నేనూ తెప్పించి చూశాను. దోసెకు బాగుంది. ఇడ్లీ మాత్రం మెత్తగా, నున్నగా బియ్యప్పిండి ముద్దలా ఉండి, నోటికి రవ్వ తగలలేదు.

లోపాలకు వస్తే, మొదటిది బరువు. పన్నెండు కిలోల దాకా ఉన్న దీన్ని అలమారలోంచి దించి ఎక్కించడం అరవై దాటినవారి పని కాదు; గట్టు మీద శాశ్వతంగా చోటు ఇవ్వగలిగితేనే కొనండి. రెండవది కడగడం. రాళ్ళ సందుల్లో చిక్కిన పిండిని వెంటనే కడగకపోతే ఎండి గట్టిపడుతుంది, మరునాటికి వాసన వస్తుంది. రోటిని కడగడానికి రెండు చెంబుల నీళ్ళు పట్టేవి, దీనికి బకెట్టు సరిపోవడం లేదు.

మూడవది మరమ్మతు, నా కోపమంతా ఇక్కడే. తొమ్మిదవ నెలలో ఒకరోజు రబ్బరు కాలిన వాసన వచ్చి డ్రమ్ము నిలిచిపోయింది. పండుగ పూట పప్పు ఎక్కువ పోసిన తప్పు నాదే. ఫోను చేస్తే ఒక నంబరు ఇచ్చారు. మనిషి మాత్రం ఆరవరోజు వచ్చాడు. వారంటీ మోటారుకే గాని, డ్రమ్మును తిప్పే బెల్టుకు లేదన్నాడు. బెల్టు ఖరీదు 120 రూపాయలైతే వచ్చినందుకు 450 తీసుకున్నాడు. నా చిన్నప్పుడు రోలు నున్నబడితే, కక్కు కొట్టే మనిషి ఉలి, సుత్తి సంచిలో వేసుకుని వీధిలో కేకవేస్తూ తానే వచ్చేవాడు. గంటలో రోలు, పొత్రం రెండింటికీ గంట్లు పెట్టి, కాసిని డబ్బులూ చేటలో బియ్యమూ తీసుకుని పోయేవాడు.

ఇంట్లో నలుగురైనా ఉండి, వారానికి రెండుసార్లు ఇడ్లీయో గారెలో చేసుకునేవారు దీన్ని కొనవచ్చు. ఇద్దరే ఉన్న ఇంటికి రెండు లీటర్లది పెద్దదే. అడుగు రాయి కనిపించేంత తక్కువ పప్పు పోస్తే సరిగా నలగదు గనుక, అలాంటివారు చిన్న పరిమాణం చూసుకోవాలి. ఆ బెల్టు మార్చిన అబ్బాయి వెళ్తూ, నాలుగు స్క్రూలు విప్పి దాన్ని ఎలా ఎక్కించాలో నాకు చూపించాడు. అదే కొలత బెల్టు ఇంకొకటి తెప్పించి చింతపండు డబ్బా వెనుక పెట్టాను, స్క్రూడ్రైవరు కూడా అక్కడే ఉంది.