బిల్డ్ యువర్ లైబ్రరీ: ఐదేళ్లు వాడాక

మేముండేది టెక్సస్‌లో, డాలస్ దగ్గర ప్లేనోలో. పాపను ఇంట్లోనే చదివిద్దామనుకున్నప్పుడు అందరూ చట్టం ఒప్పుకోదేమోనని భయపెట్టారు. తీరా చూస్తే ఇక్కడ అది చాలా తేలిక. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన లీపర్ తీర్పు ప్రకారం ఇంటిబడి కూడా ప్రైవేటు బడి కిందే లెక్క. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరులుగా మెలగడం, ఈ ఐదూ నేర్పాలి. రిజిస్ట్రేషన్ లేదు, ప్రభుత్వ పరీక్షా లేదు. నాకు టెన్షన్ పెట్టిందల్లా ఏ పాఠ్యక్రమం కొనాలన్నదే.

ఐదేళ్లుగా వాడుతున్నది బిల్డ్ యువర్ లైబ్రరీ అనే ఇంటిబడి పాఠ్యక్రమం. కానీ మొదట కొన్నది ఇది కాదు. చదువంతా కథల పుస్తకాలతోనే అని రాసి ఉంటే సంబరపడి వేరే సెట్ తెప్పించాను. తొమ్మిదో వారంలో అందులోని సైన్స్ పుస్తకం బైబిల్ లెక్కన భూమి వయసు ఆరు వేల ఏళ్లంది. అంతకు నెల ముందే డాలస్‌లోని పెరో సైన్స్ మ్యూజియంలో, డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందట పోయాయని పాపకు చదివి వినిపించాను. "అమ్మా, ఏది నిజం?" అని అడిగింది. మా ఇంట్లో దేవుడి గది ఉంది, రోజూ దీపం పెడతాను. అయినా సైన్స్ పుస్తకం సైన్సే చెప్పాలి. ఆ సెట్ అటక మీదికి వెళ్లిపోయింది.

కొనేముందు నమూనా పేజీల్లో భూమి వయసు, పరిణామం ఈ రెండూ ఎలా చెప్పారో చూడండి. 'సెక్యులర్' అంటే మతం కలపకుండా సైన్స్‌ను సైన్స్‌గా చెప్పేది, 'న్యూట్రల్' వేరు. న్యూట్రల్ అన్నవాటిలో కొన్ని మతం మాట ఎత్తవు, పరిణామం మాట కూడా ఎత్తవు. నాకు కావలసింది భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లని నీళ్లు నమలకుండా చెప్పేది. బిల్డ్ యువర్ లైబ్రరీ అలా దొరికింది.

కొంటే వచ్చేది ఒక పీడీఎఫ్. 36 వారాల ప్రణాళిక, ఏ రోజు ఏ పుస్తకంలో ఎంత చదవాలో ఉంటుంది. పుస్తకాలు మనమే సమకూర్చుకోవాలి. పుస్తకాలన్నీ పెట్టెలో ఇంటికే రావాలంటే, వారానికి నాలుగు రోజుల ప్రణాళికతో బుక్‌షార్క్ అనే మరో పాఠ్యక్రమం ఉంది. నేను లైబ్రరీ దారే ఎంచుకున్నాను. కావలసిన పుస్తకానికి లైబ్రరీలో మూడు వారాల ముందే హోల్డ్ పెట్టాలి, అంటే మన పేరున రిజర్వ్ చేయించుకోవాలి. మొదటి ఏడాది ఆ సంగతి తెలియక, పుస్తకం రాక, చాలా వారాలు తలకిందులు చేసుకున్నాను.

పద్ధతి షార్లట్ మేసన్‌ది. ఆవిడ ఇంగ్లండ్‌లో వందేళ్ల కిందటి విద్యావేత్త. పిల్లలకు మంచి పుస్తకం చదివి వినిపించాలి, విన్నది వాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. దాంతోపాటు చూచిరాత, డిక్టేషన్. ఇంతేనా అనుకున్నాను. ఈ తిరిగి చెప్పడమే మా పాపను మార్చింది.

మొదటి గ్రేడ్ చరిత్ర ప్రాచీన కాలంతో మొదలవుతుంది. ఈజిప్టు మమ్మీల గురించి చదివిన రోజు, తెనాలిలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో తెలుగులో చెప్పమన్నాను. శవానికి నేట్రాన్ అనే ఉప్పు పట్టించి ఎండబెడతారని చెప్పింది. "మన మామిడి ఒరుగుల్లాగానా?" అంది అమ్మమ్మ. పాప కాసేపు ఆలోచించి, "ఉప్పు నీళ్లన్నీ లాగేస్తుంది, అందుకే కుళ్లదు" అంది. ఆ మాట పుస్తకంలో చదివింది కాదు, తనే కలుపుకుంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అమ్మమ్మే ఫోన్ చేసి, "ఈ వారం ఎవరి కథమ్మా?" అని అడిగేది. తెలుగు కోసం నేను వేరే క్లాసులు పెట్టలేదు.

లెక్కలు ఇందులో ఉండవు, సింగపూర్ మ్యాథ్స్ విడిగా తీసుకున్నాం. భారతదేశ చరిత్ర కావలసినంత మేమే కలుపుకున్నాం. శాతవాహనులు వచ్చినప్పుడు అమరావతి శిల్పాల ఫొటోలు ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాం. స్పెల్లింగ్ మాత్రం చూచిరాతతో పూర్తిగా కుదరలేదు, రెండో గ్రేడ్‌లో విడిగా రోజుకు పది నిమిషాలు పెట్టాను.

ఇది తేలికని ఎవరైనా అంటే నమ్మకండి. రోజుకు గంటన్నర బిగ్గరగా చదివి వినిపించాలి. నాకు గొంతు పోయిన రోజులున్నాయి, అప్పుడు ఆడియో పుస్తకాలే దిక్కు. భార్యాభర్తలిద్దరూ ఫుల్‌టైమ్ ఉద్యోగాల్లో ఉంటే దీని జోలికి వెళ్లమని చెప్పలేను. మా ఆయన సాయంత్రం లెక్కలు చూసుకోబట్టి నేను నిలబడ్డాను. వర్క్‌షీట్లు దిద్ది మార్కులు చూసుకుంటే తప్ప నిద్రపట్టని తల్లిదండ్రులకూ ఇది కష్టమే.

పాపకు కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా పూర్తయింది. ఆగస్టులో మావాడు మొదటి గ్రేడ్ మొదలుపెడుతున్నాడు, అదే పీడీఎఫ్‌తో. ఈజిప్టు వారం ఎప్పుడొస్తుందని అమ్మమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.