పాత కార్ల ఫొటోషూట్ ప్యాకేజీ: బెజవాడ వాళ్లూ, జాగ్రత్త

వింటేజ్ షూట్ అంటూ ఇన్‌స్టాలో రీల్స్ వేసి, పాత కారున్న ప్రతివాడికీ మెసేజ్ పెడుతుంటాడు చూడండి, ఆ స్టూడియో గురించే. పేరు రాయను, మీకే అర్థమైపోతుంది. ప్యాకేజీ 12,000. మొత్తం ముందే కట్టించుకున్నాడు. మహానుభావుడిని నేను, కట్టేశాను.

బండి 1972 అంబాసిడర్ మార్క్ 2, నలుపు. ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్, బంపర్లకి క్రోమ్ ప్లేటింగ్ చేయించాను. ఎంతయిందో ఇంట్లో ఇప్పటికీ తెలియదు.

ఎండ రాకముందే పున్నమి ఘాట్‌కి రమ్మన్నాడు. తను వచ్చింది పదకొండు దాటాక. నల్ల పెయింటు, నడినెత్తిన ఎండ. బానెట్ మీద తెల్ల మచ్చ, కిందంతా చీకటి. పోలరైజర్ తేలేదా అంటే "ఎడిటింగ్‌లో తీసేద్దాం సార్" అన్నాడు. అద్దం మీద, పెయింటు మీద మెరుపుని ఆ ఫిల్టరే తగ్గించాలి. మెరుపు వెనక ఉన్నది కెమెరాలో పడకపోతే ఎడిటింగ్‌లో ఎక్కణ్ణుంచి తెస్తాడు? క్రోమ్ మీద అయితే ఆ ఫిల్టరూ పెద్దగా పనిచేయదు. బంపర్లో ఏం కనపడుతోందో చూసుకుని మనమే పక్కకి జరగాలి. ఈయన ఎర్ర టీషర్టులో వచ్చాడు. ముందు బంపర్లో ఆయనే, హబ్ క్యాపుల్లో ఆయనే. షూట్ నా బండికా, ఆయనకా?

వైడ్ లెన్స్ తీసుకెళ్లి ముక్కు దగ్గర పెడితే బండికి గవదబిళ్లలు వచ్చినట్టుంది. నాలుగడుగులు వెనక్కెళ్లి 85 ఎంఎం లెన్స్ పెట్టుకోవచ్చుగా! కరకట్ట రోడ్డు మీద రోలింగ్ షాట్, అంటే నడుస్తున్న బండి ఫొటో, 1/1000 సెకను షట్టర్ స్పీడ్‌లో కొట్టాడు. చక్రాలు బిగుసుకుపోయి, పార్క్ చేసిన బండిలా ఉంది. 1/60 దగ్గర కొడితే కదా చక్రం తిరుగుతున్నట్టు కనపడేది.

ఇవన్నీ సరే, చేతకానితనం అనుకుందాం. ఫైళ్లు వచ్చాక అసలు సంగతి బయటపడింది. మార్క్ 2 గ్రిల్, అదే ముందుండే జాలీ, అంటే చిన్న చిన్న గళ్లు. ఫొటోలో అడ్డపట్టీలున్నాయి! నంబర్ ప్లేటు మీద ఏ భాషకీ చెందని అక్షరాలు. ఏఐలో పడేసి, వచ్చింది వచ్చినట్టు నాకు పంపాడు. ఆ గ్రిల్ కోసం నేను ఎక్కని పాత సామాన్ల కొట్టు లేదు.

ఫోన్ చేశాను. "పాత బండే కదా సార్, గ్రిల్ ఎవరు చూస్తారు? లైకులు వస్తాయి కదా."

నాకు మాట రాలేదు కాసేపు. తర్వాత, సరే, కెమెరాలో పడ్డ అసలు ఫైళ్లు, RAW (రా) ఫైళ్లన్నా ఇవ్వు, నేనే చూసుకుంటానన్నాను. "స్టోరేజ్ లేక డిలీట్ చేశాం" అన్నాడు. డబ్బులు వెనక్కి ఇవ్వమనగానే సార్ కాస్తా నువ్వు అయిపోయింది. "నీకు టేస్ట్ లేకపోతే నేనేం చేయను?" అని కట్ చేశాడు. ఇప్పుడు నంబర్ బ్లాక్. మర్నాడు చూస్తే ఆ అడ్డపట్టీల ఫొటోనే వాళ్ల పేజీలో, కింద "మాస్టర్‌పీస్" అని.

సగానికి మించి అడ్వాన్స్ ఇవ్వకండి, మిగతాది రా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పడ్డాకే. ఏఐ వాడకూడదని వాట్సాప్‌లో రాయించుకోండి.

గుంటూరు వైపైనా సరే, ట్రైపాడ్ వేసి రాత్రిపూట షట్టర్ తెరిచి ఉంచి, ఎల్ఈడీ ట్యూబుని బండి వెంట తిప్పుతూ లైట్ పెయింటింగ్ చేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి. నల్ల టీషర్టు వేసుకునేవాళ్లయితే మరీ మంచిది.