జంతువుల హాస్యకథల సెట్ కొనే ముందు ఒక్క పేజీ పైకి చదివి చూడండి

పిల్లలను నవ్వించే జంతువుల కథల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్న తల్లిదండ్రులు కొంచెం ఆగి ఇది చదవండి. పోయిన నెల ఒక సెట్ తెప్పించి నేను మోసపోయాను. పది పుస్తకాలు, రంగురంగుల అట్టపెట్టె, దాని మీద కళ్లద్దాలు పెట్టుకుని చదువుకుంటున్న ఏనుగు, పక్కనే పెద్ద అక్షరాలతో "5 నుంచి 8 ఏళ్ల పిల్లలు పడీ పడీ నవ్వే కథలు" అన్న మాట. డబ్బు పోయిందన్న బాధ ఉంది. కానీ ఇంత వివరంగా రాస్తున్నది అందుకు కాదు.

మా అమ్మాయికి ఏడేళ్లు. కూడబలుక్కుని చదివే దశ దాటి, తనంతట తాను ఒక కథ పూర్తి చేసే దశలోకి ఇప్పుడిప్పుడే వస్తోంది. పెట్టె విప్పగానే మొదటి పుస్తకం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. రెండు పేజీలయ్యాక ఆగి నా ముఖంలోకి చూసింది. ఇంకో పేజీ చదివి మళ్లీ చూసింది. "అమ్మా, ఇక్కడ నవ్వాలా?" అని అడిగింది. నవ్వొస్తుందని పెట్టె మీద రాసి ఉంది, తనకేమో నవ్వు రావడం లేదు, కాబట్టి తప్పు తనదేనని అనుకుంది. మూడో పుస్తకం సగంలో మూసేసి "నాకు సరిగ్గా చదవడం రాదు" అని లేచి వెళ్లిపోయింది. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. ఆ రాత్రి పది పుస్తకాలూ అట్ట నుంచి అట్ట దాకా నేనే చదివాను.

మొదటి కథ రెండో పేజీలో ఉన్న వాక్యం ఇది: "ఆ రాత్రి ఆకాశం నుంచి పిల్లులూ కుక్కలూ కురిశాయి." బొమ్మలో వాన ఉంది, పిల్లీ లేదు, కుక్కా లేదు. జోరువానను ఇంగ్లీషులో అలా అంటారు. దాన్ని మాటకు మాట దించేశారు. కుండపోత అని ఒక్క మాట రాసి ఉంటే పిల్లకు వాన చప్పుడు వినిపించేది. ఇంకో కథలో తాబేలు మౌనంగా ఉంటే కోతి "పిల్లి నీ నాలుకను తీసుకుందా?" అని అడుగుతుంది. పలకకుండా ఉన్నవాళ్లను ఇంగ్లీషులో అలా ఆటపట్టిస్తారు. మా అమ్మాయి మాత్రం పడుకునే ముందు పిల్లులు నిజంగా నాలుక ఎత్తుకుపోతాయా అని అడిగింది. గొంతు బొంగురుపోయిన సింహం "నా గొంతులో కప్ప ఉంది" అంటుంది. మామూలు కథలో ఇలాంటి వాక్యం వస్తే పిల్లలు అర్థం కాక వదిలేస్తారేమో. జంతువుల కథలో అలా కుదరదు. ఆ కప్ప తర్వాతి పేజీలో బయటికి దూకుతుందని ఎదురుచూస్తారు. మా అమ్మాయి చివరి పేజీ దాకా దాని కోసం వెతికింది.

శ్లేష ఉన్నచోట పరిస్థితి మరీ అన్యాయం. కుక్క ఒక చెట్టు దగ్గరికి వెళ్లి "నీకూ మొరుగు ఉందా?" అంటుంది, అడవి అంతా నవ్వుతుంది. ఎందుకు నవ్విందో నాకు తట్టడానికే కాసేపు పట్టింది. బార్క్ అన్న మాటకు ఇంగ్లీషులో మొరగడం, చెట్టు బెరడు అని రెండు అర్థాలు. అక్కడ హాస్యమంతా ఆ రెండర్థాల్లోనే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి అడవి నవ్వుతోంది, పిల్ల బిక్కముఖం వేసింది. చేయి తిరిగిన అనువాదకులైతే ఆ జోకును పక్కన పెట్టి తెలుగులో ఇంకోటి పుట్టిస్తారు. మనకు ముడిసరుకు తక్కువేమీ కాదు. గోడ మీద పిల్లి, మేకపోతు గాంభీర్యం, మొసలి కన్నీరు, పిల్లికి ఎలుక సాక్ష్యం, కోతికి కొబ్బరికాయ: ఒక్కోదాని చుట్టూ ఒక్కో కథ అల్లవచ్చు.

అరుపుల సంగతి చూడండి. ఈ పుస్తకాల్లో కప్ప "రిబ్బిట్" అంటుంది, కోడి "కాకడూడిల్డూ" అంటుంది, పంది "ఓయింక్" అంటుంది. తెలుగు పిల్లలకు కప్ప బెకబెకమనాలి, కోడి కొక్కొరోకో అనాలి. గుర్రం సకిలిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, ఏనుగు ఘీంకరిస్తుంది, పాము బుస కొడుతుంది. ఇన్ని మాటలుండగా పది పుస్తకాల్లోనూ ప్రతి జంతువూ "అరిచింది". కొత్త మాట ఒక్కటీ పిల్ల చెవిన పడలేదు.

సంబోధనలు చదివాక ఇది మనిషి చేసిన అనువాదం కాదని నాకు పూర్తిగా నమ్మకం కలిగింది. తల్లి ఎలుక తన పిల్లతో "దయచేసి మీరు మీ కలుగులోకి వెళ్లండి" అంటుంది. ఆ పిల్ల ఎలుక తాత ఎలుకతో "నువ్వు ముసలివాడివి" అంటుంది. నక్క ఒక పేజీలో "అతను", తర్వాతి పేజీలో "ఆమె". తెలుగులో కథ చెప్పే ఎవరైనా "నక్క వచ్చింది, అది ఇలా అంది" అనే కదా చెబుతారు. ఏ తెలుగు మనిషీ ఈ పుస్తకాలను అచ్చుకు ముందు ఒక్కసారైనా చదవలేదు. చదివి ఉంటే ఆ ఎలుక దగ్గరే ఆగిపోయేవారు.

పది పుస్తకాలన్న మాట కూడా అబద్ధమే. కథ ఒక్కటే. ఒక జంతువుకు తన చెవులో, మెడో, తోకో నచ్చదు. మిగతా జంతువులు వెక్కిరిస్తాయి. ఆపద వస్తుంది. ఆ చెవులో, మెడో, తోకో అందరినీ కాపాడతాయి. జంతువు పేరు మార్చి పదిసార్లు అచ్చు వేశారు. ఆ మార్చడం కూడా జాగ్రత్తగా చేయలేదు. ఆరో పుస్తకంలో జిరాఫీ "తన పొడవాటి చెవులు రిక్కించి, ఒక్క గెంతులో బొరియలో దూరింది." అది కుందేలు కథ. పేరు మార్చారు, కుందేలును మార్చడం మరిచిపోయారు.

ఆ వెక్కిరింపుల గురించి కూడా చెప్పాలి. పది కథల్లోనూ హాస్యం పేరుతో ఎక్కువగా ఉన్నది అదే: లావుగా ఉన్న నీటిగుర్రాన్ని, నత్తిగా మాట్లాడే చిలుకను చూసి అందరూ నవ్వడం. చిన్నపిల్లల నవ్వు అక్కడ పుట్టదు. ఎలుగుబంటి తలుపు వెనక దాక్కుందని పిల్లకు తెలుసు, నక్కకు తెలియదు. నక్క తాపీగా పాట పాడుకుంటూ తలుపు దగ్గరికి వస్తుంటే పిల్ల ఊపిరి బిగబట్టి నవ్వుతుంది. ఒకే మాట మూడుసార్లు వచ్చి నాలుగోసారి తారుమారైతే నవ్వుతుంది. ఇదంతా రాయాలంటే పిల్లల ఎదుట కథ చెప్పి, వాళ్ల ముఖాలు చూసినవాళ్లు కావాలి.

బొమ్మలు దూరం నుంచి బాగున్నాయి. దగ్గరగా చూస్తే ఒక కోతికి రెండు తోకలు, సాలీడుకు ఆరు కాళ్లు. ఒకే ఎలుగుబంటి చొక్కా ఒక పేజీలో నీలం, తర్వాతి పేజీలో ఎరుపు. పిల్లలు పెద్దలకన్నా శ్రద్ధగా బొమ్మలు చూస్తారు. సాలీడుకు ఎనిమిది కాళ్లుండాలని బడిలో చెప్పారే, మరి ఎవరిది తప్పు అని మా అమ్మాయి అడిగింది.

జంతువులు కథలో మాట్లాడవచ్చు, చొక్కా తొడుక్కోవచ్చు, సైకిలు తొక్కవచ్చు. అది కథ అని పిల్లలకు తెలుసు. కానీ ప్రతి పుస్తకం చివరా "మీకు తెలుసా?" అని ఒక పెట్టె పెట్టి నిజాలు చెబుతామన్నప్పుడు అవి నిజాలై ఉండాలి. ఇందులో గబ్బిలం పక్షి అని ఉంది. అది పిల్లలకు పాలిచ్చే క్షీరదం. ఒంటె మూపురంలో నీళ్లు దాచుకుంటుందని ఉంది; మూపురంలో ఉండేది కొవ్వు. ధ్రువపు ఎలుగుబంట్లు పెంగ్విన్లను వేటాడి తింటాయని ఉంది. ఆ ఎలుగుబంట్లు భూమికి ఉత్తరపు కొసన ఉంటాయి, పెంగ్విన్లు దాదాపు అన్నీ దక్షిణార్ధగోళంలోనే ఉంటాయి. ఇవి దిద్దుకోగలిగిన తప్పులు. నాకు వణుకు పుట్టించింది ఇంకోటి. ఒక కథలో బాబు తన కుక్కపిల్లకు చాక్లెట్ పెడతాడు, అది సంతోషంతో గంతులు వేస్తుంది. కుక్కలకు చాక్లెట్ విషం. అందులోని థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని వాటి శరీరం మనలా త్వరగా వదిలించుకోలేదు, ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో కుక్కపిల్ల ఉన్న ఏ పిల్లవాడైనా ఆ కథ చదివి ఏం చేస్తాడో ఆలోచించండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఎవరూ దాటవేయవద్దు. సెట్‌లో ఒక పుస్తకానికి మీట ఉంది, నొక్కితే జంతువుల అరుపులు వినిపిస్తాయి. లోపల ఉన్నది చొక్కా గుండీ అంత చిన్న బ్యాటరీ. దాని మూతకు స్క్రూ లేదు, గోరుతో నేను ఒక్క క్షణంలో తీసేశాను. పిల్లల ఆటవస్తువుల భద్రతా ప్రమాణాల ప్రకారం అలాంటి మూత స్క్రూడ్రైవరు వంటి పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదు. ఆ బ్యాటరీని చిన్నపిల్లలు మింగితే అది ఆహారనాళంలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపలి కండను తీవ్రంగా కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పుస్తకం ఏడేళ్ల పిల్లదే కావచ్చు, ఇంట్లో పాకే తమ్ముడో చెల్లెలో ఉండవచ్చు. మీ దగ్గర ఇలాంటి పుస్తకం ఇప్పటికే ఉంటే లేచి వెళ్లి ఆ మూత చూసి రండి.

కాగితం, కుట్టు గురించి ఎక్కువ చెప్పను. ఫొటోలో పెద్దగా కనిపించిన పుస్తకం అరచేతి అంత ఉంది. పిన్నుల కొనలు సరిగ్గా మడవలేదు, వేలికి గుచ్చుకున్నాయి. ఒక్కో పుస్తకానికి 16 పేజీలు, వాటిలో కథ తొమ్మిది పేజీలే, మిగతావి రంగులు వేసుకునే బొమ్మలు, ప్రకటనలు. బొమ్మల కథల పుస్తకాలకు 32 పేజీలు మామూలు. కొలతలు సెంటీమీటర్లలో, పేజీల సంఖ్య అంకెల్లో చెప్పని ప్రకటనను నమ్మకండి.

ఇన్ని లోపాలున్న సెట్‌కు అన్ని మంచి సమీక్షలు ఎలా వచ్చాయని తర్వాత తీరికగా చదివాను. ముందే చదవాల్సింది. సగానికి పైగా ఒకే వారంలో వచ్చాయి. అన్నీ "పిల్లలకు చాలా నచ్చింది, కాగితం బాగుంది" అనే తీరులోనే ఉన్నాయి. ఒక్కరూ ఒక్క జంతువు పేరు చెప్పలేదు. కిందికి వెళితే కొన్ని సమీక్షలు నీళ్ల సీసా గురించి ఉన్నాయి, మూత గట్టిగా పడుతోందట! వేరే వస్తువు కోసం తెరిచిన పేజీలోకి పాత మెప్పులతో సహా పుస్తకాలను తెచ్చి పెట్టారన్నమాట. పిల్లకు పుస్తకం నిజంగా నచ్చితే ఆ తల్లి "కోతి టోపీ పారేసుకునే చోట మావాడు కింద పడి దొర్లాడు" అని రాస్తుంది. అలాంటి వాక్యం ఒక్కటైనా దొరికే దాకా చదవండి.

అమ్మిన వాళ్లకు ఫొటోలతో సహా ఫిర్యాదు పంపాను. పెట్టె విప్పారు కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. బ్యాటరీ మూత ఫొటో పంపాక స్వరం మారింది. నేను రాసిన చెడ్డ సమీక్ష తీసేస్తే సగం డబ్బు ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఆ సమీక్ష చదివి ఇంకో తల్లి ఆగిపోతే నాకు అంతకన్నా ఏం కావాలి? ఆ సంభాషణ అంతా దాచి, అమ్మకాల సైటు వారికే ఫిర్యాదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు.

ఇప్పుడు ఏ పుస్తకమైనా కొనే ముందు లోపలి పేజీ ఒక్కటైనా చూపించారా అని చూస్తాను. చూపిస్తే దాన్ని పైకి చదువుతాను. నాలుక ఎక్కడైనా తడబడితే వదిలేస్తాను. రచయిత, చిత్రకారుడు, అనువాదమైతే అనువాదకుల పేర్లు వెతుకుతాను. మా సెట్‌లో ఈ మూడింట్లో ఒక్క పేరూ లేదు, "సంపాదక బృందం" అని మాత్రం ఉంది. వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, కూడా లెక్క వేస్తాను. 2007 నుంచి అది 13 అంకెలు, 978తో గానీ 979తో గానీ మొదలవుతుంది. ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి స్థానాల్లోని అంకెలను అలాగే ఉంచి, సరి స్థానాల్లోని వాటిని మూడుతో హెచ్చించి, అన్నీ కూడితే చివర సున్నా రావాలి. మా పది పుస్తకాలకూ ఒకే సంఖ్య ఉంది. సెట్ మొత్తానికి ఒక సంఖ్య ఇవ్వడం ఉన్నదే కాబట్టి దాన్ని తప్పు పట్టను. కానీ లెక్క వేస్తే చివర ఏడు వచ్చింది. లెక్క సరిపోయినంత మాత్రాన పుస్తకం మంచిదని కాదు, సరిపోకపోతే మాత్రం ఇక ఆలోచించనక్కర్లేదు.

నిన్న వెతికితే అదే సెట్ ఇంకో పేరుతో, ఇంకో అమ్మకందారు దగ్గర కనిపించింది. పెట్టె రంగు పసుపు నుంచి ఆకుపచ్చకు మారింది. ఏనుగు కళ్లద్దాలు తీసేసి టోపీ పెట్టారు. కానీ బొమ్మ అదే. కుడి వైపు రెండు దంతాలు ఉంటాయి, ఎడమ వైపు ఒక్కటీ ఉండదు. ఆ ఏనుగు కనబడితే కొనకండి.