డిశ్చార్జి తరువాతి నెల: బరంపురంలో ఒక ఆసుపత్రి సేవ

గుండె వైఫల్యంతో, అంటే గుండె రక్తాన్ని తగినంతగా పంపు చేయలేని జబ్బుతో, చేరి ఇంటికి వెళ్లిన రోగులను ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నెల రోజులపాటు ఫోను ద్వారా కనిపెట్టుకుని ఉంటోంది. పర్లాకిమిడిలో ఉండే మా అత్తగారు ఇదే జబ్బుకు మొదట వేరొక చోట వైద్యం చేయించుకుని, నెల తిరగకుండానే ఆయాసంతో, కాళ్ల వాపుతో మళ్లీ మంచమెక్కి ఈసారి ఈ ఆసుపత్రిలో చేరారు కనుక, ఈ సేవ ఎంత అవసరమో మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఇలా తిరిగి చేరవలసి రావడం అరుదేమీ కాదు. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) రోగులపై 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం, డిశ్చార్జి అయినవారిలో దాదాపు ఐదోవంతు మంది 30 రోజుల్లోపే మళ్లీ ఆసుపత్రి పాలయ్యారు. అటువంటి చేరికలు మితిమీరిన ఆసుపత్రులకు ఆ దేశం 2012 అక్టోబరు నుంచి చెల్లింపుల్లో కోత పెడుతోంది. మనవైపు అటువంటి ఒత్తిడేదీ లేకపోయినా ఈ ఆసుపత్రి తనంతట తాను పూనుకోవడం మెచ్చుకోదగినది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంటికి పంపేముందు సిస్టరు తీసుకున్న శ్రద్ధ. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులోనే ఉన్నా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, పాతవాటిలో ఏవి ఆపాలో తెలుగులో రాసిన మరో కాగితం చేతికిచ్చి, అర్థమైందా అని అడిగి ఊరుకోకుండా, అత్తగారి చేతనే అంతా తిరిగి చెప్పించారు. మోకాళ్ల నొప్పులకు ఆవిడ మందుల షాపులో కొని వాడుతున్న డైక్లోఫెనాక్ ఒంట్లో నీరు నిలిచేలా చేసి గుండె మీద భారం పెంచుతుందన్న సంగతి అప్పుడే బయటపడింది. అంతకుముందు ఎవరూ ఆ మాత్రల గురించి అడగనేలేదు. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లివచ్చి, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోవాలనీ, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే వెంటనే ఫోను చేయాలనీ చెప్పారు. వాపు కంటికి కనిపించకముందే ఒంట్లో చేరుతున్న నీటిని తూకం పట్టిస్తుంది. ఒకసారి బరువు అలాగే పెరిగినప్పుడు డాక్టరుగారు నీరు తీసే మాత్ర మోతాదు మార్చి, మూత్రపిండాల పనితీరుకూ పొటాషియంకూ రక్తపరీక్ష పర్లాకిమిడిలోనే చేయించమన్నారు. గంటల ప్రయాణం, మళ్లీ మంచం రెండూ తప్పాయి.

లోపాలూ ఉన్నాయి. ఆదివారం ఆ నంబరుకు ఎవరూ పలకరు. తరువాతి వారాల్లో ఆసుపత్రి నుంచి ఫోను చేసినవారికి ఒడియా తప్ప రాదు. అత్తగారు బజారు పనులు ఒడియాలో చక్కబెట్టుకోగలరు గాని, పడుకుంటే ఊపిరాడుతోందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు అన్న ప్రశ్నలకు తెలుగులో తప్ప సరిగా బదులు చెప్పలేరు. ఆహారం కాగితంలో ఉప్పు తగ్గించమని ఒక్క ముక్క రాశారు తప్ప, మన ఇళ్లలో ఉప్పంతా దాగి ఉండే ఆవకాయ, ఎండుచేపల ప్రస్తావనే లేదు. తూకపు యంత్రం మేమే కొనుక్కున్నాము. గుణుపురం, రాయగడ కొండల్లో సిగ్నలు అందని ఊళ్ల రోగులకు ఆ యంత్రమూ ఈ ఫోనూ రెండూ అందవు కాబట్టి, అక్కడి ఆశా కార్యకర్తలను ఈ పనిలో కలుపుకోవడం గురించి ఆసుపత్రి ఆలోచించాలి.

గుండె రోగిని బరంపురం తీసుకువెళ్లేవారికి ఈ సేవను నేను నిస్సంకోచంగా సూచిస్తాను. డిశ్చార్జి రోజునే ఫోను ఎవరు చేస్తారో, ఏ భాషలో మాట్లాడతారో, సెలవు రోజున ఎవరిని పిలవాలో అడిగి రాయించుకోండి.