చాప్సీ కోసమే వెళ్లే హోటల్

అనంతపురంలో ఫ్రైడ్ రైస్, మంచూరియా సందుకొకచోట దొరుకుతాయి గానీ, అమెరికన్ చాప్సీని చెయ్యాల్సినట్టు చేసేది నేను తిన్నంతలో ఈ హోటలే. నూడుల్స్‌ను కరకరలాడేలా వేయించి, ఎర్రటి తియ్యపుల్లని సాస్ పోసి, పైన గుడ్డు వేసి వేడివేడిగా తెస్తారు. సాస్ తగిలినచోట నూడుల్స్ చిటపటమంటుంటాయి, అంచుల్లోవి ఆఖరిదాకా మెత్తబడవు. క్యాబేజీ పచ్చివాసన రాదు. ఇద్దరికి ఒక ప్లేటు చాలు.

మొన్న తింటూ తింటూ మా అబ్బాయి "ఇది చైనాదా, అమెరికాదా నాన్నా?" అని అడిగాడు. రెండూ అన్నాను. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వైపు నుంచి అమెరికా పోయినవాళ్ల వంట ఇది, వాళ్ల మాటలో ఆ పేరుకు రకరకాల తునకలు కలిపినది అని అర్థం, అంటే మన కలగూర లాంటిదే.

1848లో బంగారం బయటపడ్డాక వాళ్లు కాలిఫోర్నియాను 'బంగారు కొండ' అనుకుంటూ ఓడలెక్కారు. ఆ తర్వాత రైలు పట్టాల పనికి దిగారు. మా నాన్న గుంతకల్లులో గ్యాంగ్‌మన్‌గా చేశారు కాబట్టి ఎండలో కంకర మీద పని అంటే ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఈ భాగం చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది. సియెర్రా నెవాడా కొండల్లో రాయి పేల్చి సొరంగాలు తవ్విన సెంట్రల్ పసిఫిక్ అనే రైలు కంపెనీ కూలీల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది చైనావాళ్లే. తెల్లకూలీలకు కంపెనీ తిండి పెట్టేది, వీళ్లు మాత్రం తమ డబ్బుతో కొనుక్కోవాలి. సమాన కూలి కావాలని 1867 జూన్‌లో సమ్మె చేస్తే కొండమీదికి తిండి సరుకులు రాకుండా ఆపేశారు, వారం రోజుల్లోనే మళ్లీ పనిలోకి దిగాల్సొచ్చింది.

తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన పట్టాలు 1869లో కలిశాయి, 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకూడదని చట్టం చేశారు, దాన్ని ఎత్తేసింది 1943లో! ఈ మధ్యలో వచ్చినవాళ్లను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలాండ్‌లో ఆపి, అమెరికాలో ఉన్నవాళ్లకు నిజంగా బంధువులేనా అని తేల్చడానికి మీ ఇంటికి మెట్లెన్ని, బావి ఎటుపక్క అని అడిగేవారు. బంధువు చెప్పినదానితో జవాబు కుదరకపోతే తిప్పి పంపడమే. అక్కడి చెక్కగోడల మీద వాళ్లు చెక్కిన కవితలు ఇప్పటికీ ఉన్నాయి. వ్యాపారులకు మాత్రం కొంత సడలింపు ఉండేది, 1915 నుంచి హోటల్ యజమానులనూ ఆ లెక్కలో చేర్చడంతో తలా కాస్త డబ్బు వేసుకుని హోటళ్లు పెట్టి తమవాళ్లను రప్పించుకున్నారు. చైనా హోటళ్లు అక్కడ అన్ని ఊళ్లకు పాకడానికి ఇదొక పెద్ద కారణం. వీసా టెన్షన్ తెలిసిన ఇళ్లు మన జిల్లాలోనూ బోలెడున్నాయి, వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మా వాడు అంతా విని, ప్లేటులో ఒక్క పోగు కూడా మిగల్చలేదు.

ఇక పార్సిల్ సంగతి. రెండుసార్లు తీసుకెళ్లాను, సాస్ ముందే పోసి కట్టడంతో ఇంటికెళ్లేసరికి ముద్దయిపోయింది, డబ్బులు దండగ. మూడోసారి "అన్నా, సాస్ వేరుగా కట్టు" అంటే మారుమాట లేకుండా విడిగా కట్టిచ్చారు. అడగకుండానే అలా ఇస్తే బాగుంటుంది. ఆదివారం సాయంత్రం వెళ్లేవాళ్లు ఏడులోపే వెళ్లండి, ఉన్నవి ఆరు టేబుళ్లే.