తొట్లకొండ మీద రెండు రాజ్యాల నాణేలు

విశాఖ వెళ్తున్నామంటే అందరూ ఆర్కే బీచ్, కైలాసగిరి అంటారు. పాత నాణేలంటే ఇష్టమున్నవాళ్ళు మాత్రం ముందు తొట్లకొండ ఎక్కాలి. భీమిలి రోడ్డులో, నగరానికి 15 కిలోమీటర్ల దూరంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న బౌద్ధ ఆరామం అది. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో అక్కడ శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు రెండూ బయటపడ్డాయి.

ఆ స్తూపం పక్కన నిలబడినప్పుడు నన్ను కదిలించింది ఇదే. వెండితో పోలిస్తే సీసం విలువెంత? ఆ ముక్క చెల్లిందంటే దాని మీదున్న రాజు గుర్తు వల్లే. రోమ్ చక్రవర్తి మాట ఈ తీరంలో చెల్లదు, కానీ అతని నాణెంలో వెండి ఉంది. అధికారం ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ ఆగి లోహానికి దారి ఇస్తుందో ఆ ఒక్క కొండ మీదే తెలిసిపోతుంది. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణికి ఈ సంగతి బాగా తెలుసు. పడమటి భారతాన్ని ఏలిన శక రాజు నహపాణుణ్ణి ఓడించాక అతని వెండి నాణేల మీదే తన గుర్తులు కొట్టించాడు. 1906లో నాసిక్ వైపు జోగల్‌తంబిలో దొరికిన 13 వేలకు పైగా నాణేల్లో 9 వేలకు పైగా అలాంటివే. శాసనం చదవలేని సంత వ్యాపారికి కూడా ఏలిక మారాడని చేతిలోనే తెలిసేది.

ఇక ప్రయాణం. భీమిలి బస్సు కింద రోడ్డు మీదే దింపేస్తుంది, పైకి చాలా నడవాలి. నీడ తక్కువ, కాబట్టి పొద్దున్నే నీళ్ళ బాటిల్‌తో బయలుదేరండి. ఆటో అయితే రానూపోనూ మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణం టెన్షన్ ఉండదు.

బసకి కుటుంబంతో అయితే రుషికొండ వైపు మంచిది, తొట్లకొండకి దగ్గర. ఒక్కరే అయితే ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల చవక. నేను దిగిన లాడ్జిలో పొద్దున్నే గదిలోకి వెళ్ళినందుకు సగం రోజు అద్దె అదనంగా తీసుకున్నారు. బుక్ చేసినప్పుడు ఆ మాటే చెప్పలేదు. మీరు ముందే అడగండి.

బీచ్ రోడ్డులో పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలోనూ నాణేలున్నాయి. అయినా ఒక్క పూటే దొరికితే నా ఓటు కొండకే. ఇంకో పూట ఉంటే మ్యూజియంతో పాటు దగ్గర్లోని మరో బౌద్ధ ఆరామం బావికొండ కూడా చూడండి.